ఎడమవైపు సగం మడి

జహనుమా, హైదరాబాదు
1997 అక్టోబరు 19

రఘూ,

నువ్వు పంపిన క్యారెట్ గింజల పొట్లం నిన్న చేరింది. నలిగింది గానీ చిరగలేదు. విప్పి చూసి మీ బావ, "ఇవి గింజలా, పాత దుప్పటి దులిపితే రాలిన నలుసులా?" అన్నారు. రైల్వే బుకింగు కౌంటర్లో రోజంతా చిల్లర ఏరే మనిషికి ఇవే చిన్నగా కనబడితే ఇక నాకెలా ఉంటుందో చూడు.

నువ్వు రాసినట్టే అంతా చేశాను. మా వాటా వెనక ఉన్న ఖాళీ జాగాలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడి. జానెడు తవ్వేసరికి ఎన్ని పెంకులు, ఎన్ని గాజుముక్కలు! ఈ నేలలో ఎన్ని తరాల ఆడవాళ్ళ గాజులు పగిలాయో. నీ మేనకోడలు లాస్య రంగురంగులవన్నీ ఏరి సబ్బుపెట్టెలో దాచుకుంది. మట్టిని జల్లెడ పడుతుంటే మా ఇంటి యజమానురాలు ఖైసర్ బేగం గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా, మట్టితోని రొట్టెలు చేస్తవా?" అని ఒకటే నవ్వు.

ఆవిడ అన్నగారు కమాలుద్దీన్ గారు మాత్రం నవ్వలేదు. మడి చుట్టూ ఒకసారి నడిచి, మట్టి వేళ్ళతో నలిపి చూసి, తల ఊపి వెళ్ళాడు. చార్మినార్ దగ్గర నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాడట. బ్యాటరీ గడియారాలు వచ్చాక దుకాణం ఎత్తేసి చెల్లెలి ఇంటి ముందుగదిలో ఉంటున్నాడు. రోజూ పొద్దున్నే మా వెనక జాగాలో నులకమంచం వాల్చుకుని ఎండ కాగడం, పక్కన మేకను కట్టేసుకోవడం. పెద్దగా మాట్లాడడు. లాస్య కళ్ళద్దాల మర ఊడినప్పుడల్లా గడియారాల చిమటాతో, ఆ సన్నటి పట్టకారుతో, పట్టి బిగించి ఇచ్చేది ఆయనే.

లాస్య చూపు ఇంకా తగ్గిందని డాక్టరు అన్నాడు. క్యారెట్లు తింటే కళ్ళకు మంచిదన్నావుగా. ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను రఘూ, నా చేత్తో ఒక్క మొక్క పెంచింది లేదు. ఇది మాత్రం పండాలి. అందుకే పొట్లం మొత్తం ఇసకలో కలిపి చల్లేశాను. తడి గోనెపట్టా కప్పాను. ఇక ఏం చెయ్యాలో వెంటనే రాయి. మొన్న కుళాయి దగ్గర, మా తమ్ముడు వ్యవసాయం ఆఫీసరని చెప్పుకున్నాను కూడా. నా పరువు నీ చేతిలో ఉంది.

మరదలు రాగసుధకు ఆశీస్సులు.
అక్కయ్య కమల

మదనపల్లె
1997 అక్టోబరు 27

అక్కయ్యా,

ఆఫీసు కాగితం మీదే రాస్తున్నాను, పై అధికారి క్యాంపుకి వెళ్ళాడులే. బావని నవ్వుకోమను. జనవరిలో ఒక్కొక్క క్యారెట్ ఆయన ముందు పెట్టి అప్పుడు నవ్వమను.

గోనెపట్టా ఆరనివ్వకు. క్యారెట్ బద్ధకపు గింజ, పన్నెండు పదిహేను రోజులు పడుతుంది. మొలకలు కనబడగానే పట్టా తీసెయ్యి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, కింద గీత గీసి మరీ చెబుతున్నాను: మొలిచాక ఒక్క మొక్కని కూడా కదపకూడదు. వంగ నారులా, టమాటా నారులా పీకి ఇంకోచోట పెడదామనుకునేవు. వేరు కదిలిందో, క్యారెట్ రెండు కాళ్ళు వేసుకుని వంకరపోతుంది. నువ్వే కాదు, ఎవ్వరినీ మడి మీద చెయ్యి వెయ్యనివ్వకు.

రాగసుధకి ఇక్కడి చలి పడక ఒకటే దగ్గు. మిరియాల కషాయం తాగమంటే నా మీదికి వస్తోంది. నువ్వు రాస్తే వింటుందేమో.

నీ ఆఫీసరు తమ్ముడు,
రఘురామ్

జహనుమా
1997 నవంబరు 25

రఘూ,

పొయ్యి కూడా వెలిగించకుండా గబగబా రాస్తున్నాను. అక్షరాలు బాగా లేకపోతే ఏమనుకోకు.

పద్నాలుగో రోజున మొలిచాయి. మెత్తగా, కొత్తిమీర పిల్లల్లా. మడి నిండా పచ్చటి తివాచీ పరిచినట్టే. రోజుకి నాలుగుసార్లు చూసుకునేదాన్ని. నీ మాట ప్రకారం లాస్యను కూడా ముట్టుకోనివ్వలేదు.

ఈ రోజు నీళ్ళొచ్చే రోజు. కుళాయి దగ్గర రెండు గంటలు వరసలో నిలబడి బిందె నింపుకుని వచ్చేసరికి ఏముంది! ఆ కమాలుద్దీన్ మడి పక్కన గొంతుక్కూచుని, కంటికి గడియారాల భూతద్దం పెట్టుకుని, చిమటాతో నా మొక్కలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. పీకినవన్నీ రుమాల్లో వేసుకుంటున్నాడు. పక్కన మేక నములుతోంది! ఎడమవైపు సగం మడి అప్పటికే బోసిపోయింది. పది మొక్కలుండాల్సిన చోట ఒక్కటి.

బిందె ఎక్కడ పడేశానో తెలియదు. అరిచాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలతో సహా పరుగెత్తుకొచ్చారు. "ఈ వయసులో దొంగతనమా? మేకను మేపుకోవడానికి నా బిడ్డ నోటి దగ్గరిది పీకుతారా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన, "బేటీ, జర నా మాట ఇను. గివి మస్తు దగ్గర దగ్గర మొలిచినయ్..." అని ఏదో చెప్పబోయాడు. "మీ మాట నాకెందుకు, మా తమ్ముడు ఆఫీసరు, ఒక్కటీ కదపొద్దన్నాడు" అన్నాను. అందరి ముందూ దొంగ, దొంగ అని మూడుసార్లు అన్నాను.

ఆయన చిమటా తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. రుమాలు విదిలించి, పీకిన మొక్కలన్నీ మడి గట్టున కుప్ప పోశాడు. మేకను పట్టుకుని వెళ్ళిపోయాడు. తప్పు చెయ్యనివాడైతే గట్టిగా మాట్లాడడా చెప్పు?

మీ బావ, "పోనీలేవే, పెద్దాయన" అంటున్నారు. ఈ ఇంట్లో నా బాధ ఎవరికీ పట్టదు.

కమల

మదనపల్లె
1997 డిసెంబరు 2

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నా ఒళ్ళు మండిపోయింది. చాలా మంచి పని చేశావు. ఇల్లు వాళ్ళదైతే మడి కూడా వాళ్ళదా? అద్దె ఇవ్వడం లేదా? ఇలాంటివాళ్ళు నోరు మెదపరు, పని మాత్రం కానిచ్చేస్తారు. ఈ రోజు మొక్కలు పీకినవాడు రేపు పంట పీకడని ఏముంది? బావ మెతకమనిషి, ఆయన మాట పట్టించుకోకు. మడి చుట్టూ ముళ్ళకంచె వేయించు. లాస్యను ఆ గదివైపు పోనివ్వకు.

మిగిలిన సగమైనా నిండుగా ఉంది కదా, అదే పదివేలు. అది నీ కష్టం. దాని మీద ఈగ వాలనివ్వకు.

రఘురామ్

జహనుమా
1997 డిసెంబరు 15

రఘూ,

కంచె వేయించాను. ఎరువు తెచ్చే మైసయ్య తుమ్మకంప తెచ్చి కట్టాడు. "ఎవలకోసం అక్కా గీ కంప?" అని అడిగితే చెప్పలేదు.

ఆయన ఇప్పుడు వెనకకి రావడం లేదు. మంచం వీధి గుమ్మంలో వేసుకుంటున్నాడు, అక్కడ ఎండ రాదు. గల్లీలో పిల్లలు "గాజర్ చోర్" అని పిలుస్తున్నారట. ఇక్కడ క్యారెట్‌ని గాజర్ అంటారు. మూలమీది చాయ్ దుకాణానికి వెళ్ళడం కూడా మానేశాడని మీ బావ చెప్పారు. పిల్లలు అలా అంటారని నేనేమైనా కలగన్నానా? వాళ్ళని నేను అనమన్నానా?

లాస్య కళ్ళద్దాల మర మళ్ళీ ఊడింది. "తాత దగ్గరికి పోనా?" అంటే వద్దన్నాను. దారంతో కట్టాను. బడిలో నవ్వుతున్నారని ఏడుస్తోంది. ఆదివారం మీ బావ బజారుకి తీసుకెళ్తానన్నారు, తీసుకెళ్ళనే లేదు.

ఒకటి అడుగుతాను. కుడివైపు సగంలో మొక్కలు గడ్డిలా కిక్కిరిసి, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఎడమవైపువి మాత్రం ఒంటరిగా ఉన్నా ఆకు వెడల్పుగా వేస్తున్నాయి. ఇలాగే ఉండాలా? నీకు తెలుస్తుంది కదా, నువ్వే చెప్పాలి. జవాబు త్వరగా రాయి.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యడానికి ముందు గుమ్మంలోంచి వెళ్ళాలి. ఆయన నన్ను చూసి కాళ్ళు మంచం మీదికి తీసుకుని దారి ఇస్తాడు. అంతే. అది నాకేమిటోగా ఉంటోంది.

అక్కయ్య

మదనపల్లె
1997 డిసెంబరు 27

అక్కయ్యా,

ఆఫీసులో ఊపిరి తీసుకోవడానికి లేదు, అందుకే ఆలస్యం. రాగసుధకి దగ్గు తగ్గింది. మొక్కల సంగతి దూరం నుంచి చెప్పడం కష్టం, పంట వచ్చాక చూద్దాం. ఆ పెద్దాయనతో గొడవ ఇక పెంచుకోకు. కంచె తీసేసినా పరవాలేదు.

లాస్య కళ్ళద్దాలు బాగుచేయించు. ముద్దులు చెప్పు.

రఘు

జహనుమా
1998 జనవరి 28

రఘూ,

నిన్న తవ్వాను.

ఎల్లుండి రంజాను పండుగ. మడి తవ్వి మంచివి నాలుగు ఖైసర్ బేగానికి పంపిద్దామని, అలాగైనా ఇల్లంతా మామూలవుతుందని అనుకున్నాను. ముందు కుడివైపు మొదలుపెట్టాను. నేను కాపాడుకున్న సగం అది. పట్టి లాగితే ఎలుక తోకలు వచ్చాయి. ఒకదానికొకటి జడలా మెలిపడి, తెల్లగా, సన్నగా. రెండు వందలకు పైగా పీకాను. ఒక్కటంటే ఒక్కటి చిటికెనవేలంత లేదు.

ఎడమవైపు పలుగు కూడా అవసరం లేకపోయింది. జుట్టు పట్టి లాగితే చాలు, జానెడేసి, నిటారుగా, మన అమ్మ కట్టుకునే కాషాయం చీర రంగులో. కడిగి వరసగా పెట్టాను. ముప్పై ఎనిమిది. లాస్య చప్పట్లు కొట్టింది. నేను రెండు కుప్పలనీ మార్చి మార్చి చూస్తూ కూచున్నాను.

అప్పుడే మైసయ్య కంప తీసుకుపోవడానికి వచ్చాడు. రెండు కుప్పలూ చూసి, "అక్కా, గీ దిక్కు ఎవలో మంచిగ పలుచన చేసిండ్రు. పని తెల్సినోళ్ళు. గా దిక్కు ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?" అన్నాడు. నీళ్ళు తాగే వంకతో లోపలికి వచ్చేశాను.

మైసయ్యే చెప్పాడు, కమాలుద్దీన్ గారి నాన్న ఏదో నవాబుగారి దేవిడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, తోటమాలి అట. చిన్నప్పుడు గాజర్ మళ్ళలోనే పెరిగాడట. నాకు ఆ మాట కూడా తెలియదు. ఆరేళ్ళుగా ఒక గోడ అవతలి మనిషి, ఎవరో ఏమిటో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

రఘూ, నేను ఆయన్ని దొంగ అన్నాను. మూడుసార్లు అన్నాను. ఎంత సిగ్గుగా ఉందో రాయలేను. అద్దంలో మొహం చూసుకోబుద్ధి కావడం లేదు.

నీకు ఇది ముందే తెలుసా? డిసెంబరులో నేను అడిగితే ఆ నాలుగు ముక్కలు ఎందుకు రాశావు? నిజం చెప్పు.

కమల

మదనపల్లె
1998 ఫిబ్రవరి 4

అక్కయ్యా,

తెలుసు.

నీ డిసెంబరు ఉత్తరం చదివాక మా ఆఫీసు తోటలో పనిచేసే ఈశ్వరయ్యని అడిగాను. "పలచన చేయకపోతే క్యారెట్ యెట్ల ఊరుతాది సార్?" అని నవ్వాడు. ఆఫీసు కరపత్రం తీసి చూశాను. నారు పీకి నాటరాదని ఒక పేరాలో ఉంది. ఒత్తుగా మొలిచినచో అదనపు మొక్కలు తీసివేయవలెనని దాని కిందనే ఉంది. మొదటిది గుర్తుంది, రెండోది మర్చిపోయాను. ఆ కరపత్రం నేను స్వయంగా ఆరుసార్లు టైపు చేశాను.

అవును, టైపు చేశాను. నేను ఆఫీసర్ని కాదక్కయ్యా, టైపిస్టుని. నీ పెళ్ళివారి ముందు నాన్న 'ఆఫీసులో' అన్నదాన్ని అందరూ 'ఆఫీసరు' చేశారు, నేను కాదనలేదు. జీవితంలో ఒక్క మొక్క పెంచలేదు. రాగసుధ తులసికి కూడా తనే నీళ్ళు పోసుకుంటుంది.

ఈశ్వరయ్య చెప్పిన రోజే నీకు రాయాలని కవరు తెచ్చాను. నాలుగు రోజులు సొరుగులో ఉంది. రాస్తే నాకేమీ తెలియదని తేలిపోతుంది. పంట ఎలాగోలా వస్తే ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుందనుకున్నాను. ఇటు నేను ఆఫీసరుగా తిరుగుతున్నాను, అటు ఆ పెద్దాయన దొంగగా తిరుగుతున్నాడు. అది తెలిసే నెలన్నర అన్నం తిన్నాను. పైగా నిన్ను ఎగదోసింది కూడా నేనే, 'ఇలాంటివాళ్ళు' అని రాశాను. ఆ ముక్క నీ దగ్గరుంటే చించెయ్యి. వద్దులే, ఉంచు.

ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించు. నన్ను ఏమన్నా పడతాను.

రఘు

జహనుమా
1998 ఫిబ్రవరి 17

రఘూ,

నీ ఉత్తరం చదివి తిట్టుకుందామనుకున్నాను. తిట్టే నోరు నాకు లేదు. నువ్వు సొరుగులో దాచావు, నేను గల్లీలో అరిచాను. ఎవరిది ఎక్కువో తేల్చుకుని ఏం చేస్తాం?

పండుగ నాడు ఆ ముప్పై ఎనిమిదీ తురిమి హల్వా చేసి ముందుగదికి వెళ్ళాను. ఆయన నమాజుకి వెళ్ళి ఇంకా రాలేదు. ఖైసర్ బేగం గిన్నె అందుకోలేదు. "భాయీజాన్ మంచోడు, ఇస్తె తింటడు. మాఫీ అడిగితె చేస్తడు. కానీ లొల్లి గల్లీ మొత్తం ఇనేటట్టు చేసినవ్ గదమ్మా, మాఫీ మాత్రం పర్దా ఎనకాల అడుగుతవా?" అంది. గిన్నెతో వెనక్కి వచ్చేశాను. ఆ హల్వా మా ఇంట్లో ఎవరికీ సహించలేదు.

ఆ తర్వాత నాలుగు సార్లు నీళ్ళొచ్చాయి. నాలుగు సార్లూ బిందె నింపుకుని తలవంచుకుని వచ్చాను. తిట్టడానికి అర నిమిషం పట్టలేదు చూడు, తప్పు ఒప్పుకోవడానికి పదిహేను రోజులు పట్టింది.

మొన్న ఆదివారం అందరూ ఉన్నారు. బిందె కింద పెట్టి, "కమాలుద్దీన్ గారు దొంగతనం చెయ్యలేదు. నాకు పని తెలియక, ఆయన నా కోసం చేసిన పనికి ఆయన్ని దొంగ అన్నాను. తప్పు నాది" అన్నాను. ఇంకా చెప్పాలనుకున్నవి మర్చిపోయాను. నీ సంగతి చెప్పలేదు. చెబితే నా తప్పు నీ మీదికి తోసినట్టుంటుంది.

పక్కింటి ముస్కాన్ వాళ్ళమ్మ బిందె మార్చుకుంటూ, "ఆయన దొంగేందమ్మా! మేమెవ్వరం నమ్మలె. నువ్వొక్కదానివే నమ్మినవ్" అంది.

"మరి ఆ రోజు ఒక్కరైనా చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు చెప్పనిచ్చినవా?" అంది.

నేల చీలితే దూరిపోయేదాన్ని. గల్లీ మొత్తంలో ఆయన్ని ఎరగనిదాన్ని నేనొక్కదాన్నేనట.

ఆయన కిటికీలోంచి విన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే, "బేటీ, లాస్యను పంపు. అద్దాలు తెమ్మను" అన్నాడు. దారం కోసి, మర బిగించి, అంగీ కొసతో అద్దాలు తుడిచి దాని ముక్కు మీద పెట్టాడు. నేను చేతులు జోడిస్తే, "అయిపోయిందమ్మా, ఇడిసిపెట్టు" అన్నాడు. మర్నాడు మంచం మళ్ళీ వెనక ఎండలోకి వచ్చింది. ఇక అంతా మామూలైపోయిందనుకుని నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కయ్య

మదనపల్లె
1998 అక్టోబరు 8

అక్కయ్యా,

గింజలు పంపుతున్నాను, సగం పొట్లమే. జతగా ఆఫీసు కరపత్రం పెట్టాను, నా మాట ఒక్కటీ కలపలేదు. రెండో పేరా కింద గీత గీశాను. కుళాయి దగ్గర ఎవరైనా అడిగితే తమ్ముడు టైపిస్టని చెప్పు.

రఘు

జహనుమా
1998 నవంబరు 22

రఘూ,

మొలకలు వచ్చి మూడు వారాలైంది. ఈసారి పలుచన చెయ్యమని కమాలుద్దీన్ గారిని నేనే అడిగాను. కరపత్రం చూసి నేనే చేసుకోవచ్చు. కానీ ఆయన చేత చేయించాలని నా ఆశ. ఆయన మడిలో చెయ్యి పెడితే ఆ పాత సంగతి పూర్తిగా పోతుందనుకున్నాను.

"నువ్వు పక్కన కూసుంటెనే చేస్త" అన్నాడు. సంతోషంగా పీట వేసుకుని కూచున్నాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకున్నాడు, రుమాలు గట్టున పరిచాడు. చిమటాతో మొదటి మొక్క పట్టుకుని ఆగాడు. తల ఎత్తి నా వైపు చూశాడు.

"ఇది తియ్యాల్నా బేటీ?"

"తియ్యండి" అన్నాను. తీశాడు. రెండోది పట్టుకున్నాడు, మళ్ళీ చూశాడు. "ఇది?" మూడోది. నాలుగోది. "మీకు తెలిసిన పనే కదా, అడగొద్దు, తియ్యండి" అన్నాను. "అడుగుత బేటీ, అడిగితె ఏం బోతది" అన్నాడు. కోపం లేదు రఘూ, దెప్పిపొడుపు లేదు. మెత్తగానే అన్నాడు. పోయిన ఏడు నేను కుళాయికి వెళ్ళినప్పుడు తనంతట తానే చేద్దామనుకున్న మనిషి, ఈ రోజు ప్రతి మొక్కకీ అడిగాడు. ఎడమవైపు అయింది, కుడివైపు అయింది. పొద్దున ఎండ పడగానే కూచున్నవాళ్ళం లేచేసరికి మధ్యాహ్నం జొహర్ అజాన్ వినిపించింది. ఎన్నిసార్లు తియ్యండి అన్నానో లెక్కలేదు. చివరికి ఉత్తిగా తల ఊపుతూ కూచున్నాను. ఊపేదాకా ఆయన తియ్యలేదు.

అంతా అయ్యాక పీకిన మొక్కలు రుమాల్లో మూటకట్టాడు. మేక అరుస్తూ తాడు లాగుతోంది. ఆయన దాని దగ్గరికి వెళ్ళలేదు. రెండు చేతులతో మూట పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గివి మేకకు ఎయ్యాల్నా బేటీ? నువ్వు ఎయ్యమంటెనే."

కమల